పావు డాలరుకు ఎన్ని నిమిషాలు?



బాల్యంలో మా మక్తబ్‌లో ఖుర్‌ఆన్ పఠనం నేర్చుకున్న విద్యార్థి ఒకడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడ్డాడు. నాలుగు మాసాల క్రితం అతని వద్ద నుండి సుదీర్ఘమైన ఉత్తరం వచ్చింది. యోగక్షేమాలు, పిల్లల చదువుల ముచ్చట్లు ముగిశాక అసలు విషయం వ్రాశాడు: "ఉస్తాద్, ఇక్కడ ఒక లాండ్రోమాట్ కొన్నాను. ధర పెంచక తప్పేలా లేదు. పెంచవచ్చునా? పెంచితే ఏ విధంగా పెంచాలి?"

ప్రశ్న చిన్నదే. కాని దానికి మేము మొదట తొందరపడి పొరపాటు సమాధానం ఇచ్చాము. ఆ పొరపాటును సరిదిద్దుకునే క్రమంలో మా సొంత తప్పు ఒకటి మాకు ఎదురైంది. అందుకే ఈ మాసం ఆ ఉత్తరాల సంగతినే మీతో పంచుకోదలచాము.

లాండ్రోమాట్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మన ఊళ్లలో చాకలి ఇంటికి వస్తాడు, లేదా మనమే బట్టలు ఉతుక్కుంటాము. అమెరికా నగరాల్లో అద్దె ఇళ్లలో ఉండేవారిలో చాలామందికి ఇంట్లో బట్టలు ఉతికే యంత్రం ఉండదు. వారు బట్టల మూట తీసుకొని లాండ్రోమాట్‌కు వెళ్తారు. అక్కడ వరుసగా యంత్రాలు ఉంటాయి. బట్టలు, సబ్బుపొడి వేసి, నాణేలు వేస్తే యంత్రం ఉతుకుతుంది. ఆ తరువాత తడి బట్టలను ఆరబెట్టే యంత్రంలోకి మార్చి, మళ్లీ నాణేలు వేయాలి. పని అంతా వచ్చినవారిదే. యజమాని అక్కడ ఉండవలసిన అవసరం కూడా లేదు. ఇలాంటి దుకాణం మొట్టమొదట 1934లో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ నగరంలోనే వెలిసిందని చెబుతారు. ఆ ప్రాంతంలో దీనిని 'వాషటీరియా' అని కూడా పిలుస్తారు.

మా విద్యార్థి దుకాణం కొనే ముందు జాగ్రత్తగానే పరిశీలించాడు. యజమాని చెప్పిన రాబడిని అలాగే నమ్మకుండా, నీటి బిల్లులు తెప్పించుకొని, యంత్రాలు నెలకు ఎన్నిసార్లు తిరిగి ఉంటాయో లెక్క కట్టాడు. నోటి మాట కంటే నీటి బిల్లు నిజం చెబుతుందని అక్కడి వ్యాపారుల అనుభవం. వడ్డీ అప్పు జోలికి పోకుండా, తన పొదుపుతో పాటు ఒక మిత్రుడినీ, అక్కడే నివసిస్తున్న పెద్దక్కనూ భాగస్వాములుగా చేర్చుకున్నాడు.

దుకాణం చేతికి వచ్చాక పరిస్థితి తెలిసింది. పాత యజమాని ఆరేళ్లుగా ధర పెంచలేదు. 9 కిలోల చిన్న యంత్రానికి రెండున్నర డాలర్లు, 27 కిలోల పెద్ద యంత్రానికి 6 డాలర్లు అలాగే ఉంచాడు. ఈ ఆరేళ్లలో అద్దె, నీరు, మురుగునీటి రుసుము, గ్యాసు, కరెంటు అన్నీ పెరిగాయి. వాటితో పాటు యంత్రాలూ పాతబడ్డాయి. ప్రతి నాలుగింటిలో ఒకదానిపై 'పనిచేయదు' అనే కాగితం అతికించి ఉంది.

మొదటి వారంలోనే అతడు ఒక దృశ్యం చూశాడు. ముగ్గురు పిల్లల తల్లి ఒకామె పెద్ద యంత్రం ముందు నిలబడి నాణేలు లెక్కపెట్టుకుంటున్నది. లెక్క చాలలేదు. సగం బట్టలు తీసి సంచిలో పెట్టుకొని, చిన్న యంత్రం వద్దకు నడిచింది. "ఆమెను చూశాక ధర పెంచే చేయి నాకు రావడం లేదు" అని వ్రాశాడు.

మేము ఆ రాత్రే సమాధానం వ్రాశాము. "నాయనా, నీ మనసు చెప్పినదే నిజం. పెంచకు. పేదల దుఆ నీకు లాభం కంటే గొప్పది" అన్నాము. వ్రాసి, మంచి మాట చెప్పామన్న తృప్తితో నిద్రపోయాము.

పది రోజులకు అతని జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా వ్రాశాడు గాని, మాకు తల దించుకోవలసి వచ్చింది. "ఉస్తాద్, మీ మాట శిరోధార్యం. అయితే ఒక్క సందేహం. పెద్దక్క వాటా బావగారు మరణించాక మిగిలిన పొదుపు సొమ్ము. ఇప్పటి ధరలతో ఖర్చులు పోను ఆమెకు ఏమీ మిగలదు. చెడిన యంత్రాలు బాగుచేయడానికీ డబ్బు లేదు. అక్క సొమ్ముతో నేను దానం చేస్తే ఆ పుణ్యం ఎవరిది?"

మేము ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు ఫిఖ్‌హ్ బోధిస్తున్నాము. భాగస్వాముల అనుమతి లేకుండా ఉమ్మడి సొమ్మును దానం చేసే అధికారం ఏ భాగస్వామికీ లేదని ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. అయినా పరుల సొమ్ముతో ఔదార్యం చూపమని ఒక వితంతువు తమ్ముడికి సలహా ఇచ్చాము. దయ కూడా మన సొమ్ములో నుండే మొదలు కావాలి.

కనుక మళ్లీ మొదటి నుండి ఆలోచించాము.

ధర పెంచడం స్వతహాగా అధర్మమా? కాదు. మదీనాలో ఒకసారి ధరలు పెరిగాయి. ప్రజలు దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు వచ్చి, ధరలు నిర్ణయించమని కోరారు. ఆయన అందుకు సమ్మతించలేదు. ధరల హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలో ఉన్నాయని తెలియజేశారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన వ్యాపారస్తులందరికీ తెలిసినదే. అయితే చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. దాని చివరి భాగం మరొకటి ఉన్నది. ప్రాణం విషయంలో గాని, ధనం విషయంలో గాని తాను చేసిన అన్యాయానికి బదులు అడిగే మనిషి ఒక్కడు కూడా లేని స్థితిలో ప్రభువును కలుసుకోవాలన్నదే తన ఆశ అని ఆయన (స) చెప్పారు. మొదటి భాగం వ్యాపారికి స్వేచ్ఛ ఇస్తుంది. చివరి భాగం ఆ స్వేచ్ఛకు లెక్క అడుగుతుంది. ఒకటి వదిలి మరొకటి పట్టుకుంటే సగం హదీసు పట్టుకున్నట్లే.

పాత యజమాని తక్కువ ధరను కూడా నిదానంగా చూడాలి. అది పేదల మీది దయ అని మేము మొదట భావించాము. కాని ధర పెంచని ఆ మనిషి యంత్రాలు కూడా బాగుచేయించలేదు. ఆదివారం నాడు ఆ తల్లి ముగ్గురు పిల్లలతో వచ్చి, పనిచేసే యంత్రం కోసం గంటసేపు నిరీక్షిస్తే, ఆ గంటకు ధర లేదా? ఇటువంటి చవక ఎక్కువ కాలం నిలవదు. ఏదో ఒక రోజు దుకాణం మూతపడుతుంది. అప్పుడు ఆమె మూట పట్టుకొని మరింత దూరం నడవాలి. న్యాయమైన ధరతో దుకాణం నిలబెట్టడం కూడా ఆమెకు చేసే మేలే.

ఇక అతని రెండవ ప్రశ్న. అసలు చిక్కు అందులోనే ఉన్నది.

ఆ వ్యాపారంలో అనుభవం గల ఒక పెద్దమనిషి అతనికి ఇలా సలహా ఇచ్చాడట: "ఉతికే యంత్రం ధర పెంచితే అందరూ గమనిస్తారు, సణుగుతారు. దానిని ముట్టుకోకు. ఆరబెట్టే యంత్రంలో పావు డాలరు నాణేనికి ఇప్పుడు 8 నిమిషాలు వస్తున్నాయి. దానిని 6 నిమిషాలకు మార్చు. గోడ మీద 8 నిమిషాలని వ్రాసిన పాత బోర్డు తీసివేయి, కొత్తది పెట్టకు. ఎవరూ గడియారం చూడరు."

లెక్క చూడండి. దుప్పట్లు, జీన్సు బట్టలు ఆరడానికి 48 నిమిషాలు పట్టిందనుకోండి. 8 నిమిషాల లెక్కన 6 నాణేలు, అనగా డాలరున్నర. 6 నిమిషాల లెక్కన 8 నాణేలు, అనగా 2 డాలర్లు. తగ్గినది పావు వంతు కాలం, పెరిగినది మూడవ వంతు ధర. అయినా యంత్రం మీద 'పావు డాలరు' అన్న అక్షరాలు మారలేదు. బట్టలు తడిగా ఉంటే ఆ తల్లి యంత్రాన్ని తప్పుపట్టదు, తన బట్టలే బరువుగా ఉన్నాయనుకొని మరొక నాణెం వేస్తుంది. మోసపోయానన్న సంగతి కూడా ఆమెకు తెలియదు.

మా విద్యార్థులు హిదాయా గ్రంథంలో ఇజారా అధ్యాయం చదువుతారు. ఇజారా అంటే అద్దె ఒప్పందం. లాండ్రోమాట్‌లో జరిగేది వస్తువు అమ్మకం కాదు, కొంత సేపటికి యంత్రాన్ని అద్దెకు ఇవ్వడం. అద్దె ఒప్పందం సక్రమం కావాలంటే ఇచ్చే సొమ్ము ఎంతో, దానికి లభించే ప్రయోజనం ఎంతో, రెండూ ముందుగానే తెలిసి ఉండాలి. సైకిలు అద్దెకు తీసుకునేవాడికి గంటకు ఎంతో తెలియాలి, ఇల్లు అద్దెకు తీసుకునేవాడికి నెలకు ఎంతో తెలియాలి. నాణెం వేసే మనిషికి నిమిషాలు తెలియాలి. తెలియనివ్వకుండా తీసుకున్న సొమ్ములో మచ్చ ఉంటుంది.

దివ్యఖుర్‌ఆన్‌లో 83వ సూరాకు పేరే కొలతల్లో, తూనికల్లో తగ్గించేవారి మీద పెట్టబడింది. తమకు రావలసినది నిండుగా కొలిచి తీసుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని అది తీవ్రంగా హెచ్చరిస్తుంది. కొలత అంటే మన మనసులో త్రాసు, మానిక, మీటరు కర్ర మెదులుతాయి. ఆరబెట్టే యంత్రంలో కొలత నిమిషమే. ఆ దుకాణానికి వచ్చేవారిలో ముస్లిములు చాలా తక్కువ. కొలత విషయంలో ఎదుటివాడి మతం ఏమిటని అడిగే అవకాశం ధర్మం మనకు ఇవ్వలేదు.

ఇంతవరకు వ్రాశాక మా కలం ఆగిపోయింది. ఎందుకో చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం కందిపప్పు ధర బాగా పెరిగిన రోజుల్లో మా మదరసా వసతి గృహం బాధ్యత మా మీద ఉండేది. చందాలు అంతంత మాత్రమే. దాతల వద్దకు వెళ్లి పరిస్థితి చెప్పడానికి మొహమాటపడ్డాము. పిల్లల తల్లిదండ్రులకు చెప్పడానికీ మనసొప్పలేదు. వంట మనిషిని పిలిచి, "రోజూ వేసే పప్పులో కిలో తగ్గించు, నీళ్లు సరిచూసుకో, ఎవరితోనూ అనకు" అన్నాము. రెండు వారాలు గడిచాయి. ఒక రాత్రి భోజనాల వద్ద పదేళ్ల పిల్లవాడు గిన్నెలోకి చూస్తూ, "ఉస్తాద్, మన పప్పుకు జ్వరం వచ్చిందా, చిక్కిపోయింది?" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. మేమూ నవ్వాము. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మరునాడు ముగ్గురు దాతలకు ఉన్న సంగతి ఉన్నట్లు చెప్పాము. ఇద్దరు సహాయం చేశారు. మూడవవారు చేయలేకపోయారు. వారానికి రెండు రోజులు పప్పుకు బదులు ఆకుకూర వండుతామని పిల్లలకు కూడా చెప్పాము. వారు కాస్త ముఖాలు ముడుచుకున్నారు, తరువాత అలవాటు పడ్డారు. మాకు కలిగిన ఇబ్బంది అంతా రెండు రోజుల సిగ్గు మాత్రమే. ఆ సిగ్గును తప్పించుకోవడానికి రెండు వారాలు పిల్లల గిన్నెల్లో నుండి తీసుకున్నాము.

చాటుగా తగ్గించేవాడు తరచు దుర్మార్గుడు కాడు, ఎదుటివాడి ముఖం చూసి చెప్పడానికి వెనుకాడే మనిషి. ఆ వెనుకాడడమే మనిషిని మెల్లగా తప్పు వైపు నడిపిస్తుంది.

అప్పుడు మా విద్యార్థికి రెండవ ఉత్తరం వ్రాశాము. అందులోని ముఖ్యాంశాలు ఇవి:

"నాయనా, ధర పెంచు. అయితే మొదట చెడిన యంత్రాలు బాగుచేయించు. ఎక్కువ తీసుకోబోయే ముందు ఎక్కువ ఇవ్వడం మంచి వ్యాపారి లక్షణం.

పెంచబోయే ధరను మూడు వారాల ముందే ద్వారం వద్ద వ్రాసి పెట్టు. ఇంగ్లీషులోనే గాక, అక్కడికి వచ్చే శ్రామికుల స్పానిష్ భాషలో కూడా వ్రాయించు. కారణం రెండు వాక్యాల్లో చెప్పు. కొత్త యజమాని వచ్చీ రాగానే దోచుకుంటున్నాడని అనుకునేవారికి ఆ రెండు వాక్యాలే జవాబు.

యంత్రాలు పావు డాలరు నాణేలతో నడుస్తాయి గనుక పెంపు కూడా పావు డాలరు చొప్పునే సాధ్యమని వ్రాశావు. అలాగైతే చిన్న యంత్రాన్ని రెండున్నర నుండి రెండు ముప్పావు డాలర్లకు మాత్రమే పెంచు. పెద్ద యంత్రాన్ని 6 నుండి 7 డాలర్లకు పెంచితే, అప్పటికీ కిలో లెక్కన చిన్నదాని కంటే అదే చవక. ఏడాదిపాటు మళ్లీ ముట్టుకోకు.

ఆరబెట్టే యంత్రంలో నిమిషాలు తగ్గించడం హరామ్ కాదు. నాణెం మారనప్పుడు నిమిషాలు మార్చక తప్పకపోవచ్చు. దాచడమే తప్పు. 8ని 7 చేయదలిస్తే చేయి. పాత బోర్డు ఉన్న చోటనే, అంతే పెద్ద అక్షరాలతో 7 అని వ్రాయించు.

యంత్రం మధ్యలో ఆగిపోతే వాదన లేకుండా సొమ్ము తిరిగి ఇవ్వు. నీవు లేని వేళ వచ్చేవారి కోసం ఫోన్ నంబరు గోడ మీద పెట్టు. మునుముందు నాణేలకు బదులు కార్డులు పెడితే, అందులో మిగిలిపోయే చిల్లర నీది కాదు, అది అమానత్. అడిగితే తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

శని, ఆదివారాల్లో రద్దీ, వారం మధ్యలో యంత్రాలు ఖాళీ అన్నావు. బుధవారం నాడు పాత ధరే ఉంచు. అక్క, మిత్రుడు ఇద్దరూ ఒప్పుకుంటేనే సుమా. ఇక ఆ తల్లి వంటివారికి ఉచితంగా ఇవ్వాలనిపిస్తే, నీ వాటా లాభంలో నుండి ఇవ్వు, ఆమె తల వంచుకునే అవసరం రాకుండా ఇవ్వు."

ఉత్తరంలో ఒక మహనీయుని ఉదంతం కూడా వ్రాశాము. బస్రా నగరంలో హజ్రత్ యూనుస్ బిన్ ఉబైద్ (రహ్మ) వస్త్రవ్యాపారి. ఆయన నమాజుకు వెళ్లిన సమయంలో దుకాణంలో ఉన్న అన్న కొడుకు, 200 దిర్హములు విలువ చేసే దుస్తును ఒక పల్లెవాసికి 400కు అమ్మాడు. దారిలో ఆ మనిషి ఎదురై ధర చెప్పగా, ఆయన వెనుకకు తీసుకువచ్చి 200 తిరిగి ఇచ్చేశారు. "మా ప్రాంతంలో దీని విలువ 500, నేను సంతోషంగానే కొన్నాను" అని కొన్నవాడే చెప్పినా వినలేదు. తరువాత అబ్బాయిని మందలించారు. అతడు ఇష్టపడే కొన్నాడు కదా అని అబ్బాయి అంటే, నీ కోసం కోరుకునేది అతని కోసం ఎందుకు కోరుకోలేదని అడిగారు. ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యా గ్రంథంలో ఈ సంఘటనను ప్రస్తావించారు. ఎదుటివాడు తెలియక అంగీకరిస్తే, ఆ అంగీకారం వెనుక దాగడానికి ఆ వ్యాపారికి మనసొప్పలేదు.

గత మాసం అతని వద్ద నుండి మరొక ఉత్తరం వచ్చింది. ధర పెరిగింది. కొందరు కోపగించుకున్నారు. మరికొందరు వేరే దుకాణానికి వెళ్లిపోయారు, ఇంకా తిరిగి రాలేదు. ఒక వృద్ధుడు బోర్డు చదివి, "చెప్పి పెంచినవాడిని మొదటిసారి చూస్తున్నాను" అన్నాడట. అక్కకు ఇంకా లాభం అందలేదు, వచ్చే మాసం నుండి కొద్దిగా ఇవ్వగలనన్నాడు. ముగ్గురు పిల్లల తల్లి ఇప్పుడు ఆదివారం రావడం లేదు, బుధవారం వస్తున్నది. పెద్ద యంత్రంలోనే వేస్తున్నది.

ఈ సంగతి టెక్సాస్‌లో ఉన్నవారికి మాత్రమే కాదు. మన ఇళ్లలో టిఫిన్ సెంటరు నడిపేవారున్నారు, ఆటో నడిపేవారున్నారు, కుట్టుపని చేసే సోదరీమణులున్నారు, ఇంటి వాటా అద్దెకు ఇచ్చినవారున్నారు. ఖర్చులు పెరిగినప్పుడు ధర పెంచే హక్కు మీకున్నది. ఇడ్లీ పరిమాణం చాటుగా తగ్గించడం, మీటరు బట్టలో రెండు అంగుళాలు మిగుల్చుకోవడం మాత్రం హక్కు కాదు. అలాగే కొనేవారికి ఒక మనవి. నిజం చెప్పి ధర పెంచిన దుకాణదారుని అందరి ముందు నిలదీయకండి. మనం అతనిని సిగ్గుపడేలా చేస్తే, మరుసటిసారి అతడు మనకు చెప్పడు, తగ్గించి ఇస్తాడు.

ఈ రాత్రి భోజనాల వద్ద మీ పిల్లలను ఒక మాట అడిగి చూడండి: ధర పెంచిన దుకాణం, పొట్లం చిన్నది చేసిన దుకాణం, రెండింటిలో దేనికి వెళ్తారు? వారి జవాబులు మాకు వ్రాయండి.

మన సంపాదనలో ఎవరి నిమిషమూ, ఎవరి గింజా దాగి ఉండకుండా అల్లాహ్ మనందరినీ కాపాడుగాక. ఆమీన్.